వెర్నా ముక్కు చెప్పింది

‘మతిమరుపు’ అని రాశావేంటి నాయనా? ఒక్క మాటతో తేల్చేశావా? డెబ్బయ్యారేళ్ళ మనిషి రెండు చేతులూ కాలి ఆస్పత్రిలో పడుంటే, కారణం అన్నచోట ఒకే ఒక్క మాట. ఇంకో రెండు మాటలు రాస్తే నీ కలం అరిగిపోతుందా?

కూర్చో. ఆ మడత కుర్చీ వద్దు, దాని కాలు వంగింది. ఇలా మెట్టు మీద కూర్చో. సంతకం పెట్టించుకుని చక్కా పోదామని వచ్చావు, నాకు తెలుసు. చలికాలానికి ట్రైలర్ బళ్ళలో వచ్చి దిగే ఈ పార్కులో గ్యాస్ సంగతి చూసేది నేను గనక కింద నా సంతకం కావాలి. పెడతాను, పెట్టనన్నానా? చదవకుండా పెట్టే అలవాటు మా వంశంలో లేదు. కళ్ళజోడు తుడుచుకోనీ.

‘నలభై ఒకటో నంబరు ట్రైలర్. మంగళవారం ఉదయం ఏడింటికి పొయ్యి వెలిగించగా మంట లేచింది. గ్యాస్ అలారం తీగ ముందే పీకి ఉంది. తానే పీకానని, ఎందుకు పీకారో గుర్తు లేదని ఆర్విడ్ గారు ఆస్పత్రిలో చెప్పారు. కారణం: మతిమరుపు. ఒంటరిగా ట్రైలర్‌లో ఉండటానికి పనికిరారు.’

పనికిరారు. బాగుంది. ‘గారు’ తగిలించి మరీ పనికిరారన్నావు, మర్యాదస్తుడివి డారెల్. మేనేజరంటే అలా ఉండాలి.

అంటే రేపు శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. తలా ఒక చెయ్యెత్తుతారు. నలభై ఒకటి ఖాళీ. పధ్నాలుగు చలికాలాలు ఈ అరిజోనా గులకరాళ్ళ మీద గడిపిన మనిషిని ఆస్పత్రి నుంచి తిన్నగా ఫార్గోకి, ఆ మంచులోకి, వృద్ధాశ్రమానికి పంపుతారు. అక్కడ మెత్తగా ఉడికిన బఠాణీలు చెంచాతో నోట్లో పెడతారు. ఆయనకి బఠాణీలంటే అసహ్యం.

ఇంతకీ కమిటీలో ఎవరెవరున్నారు? బెర్నిస్ ఉందా? ఉండకేం, బెర్నిస్ లేకుండా ఈ పార్కులో పెళ్ళి జరగదు, చావు జరగదు.

బెర్నిస్ సంగతి నీకు చెప్పానా? కిందటి డిసెంబర్‌లో కాళ్ళకి గాలి కొడుతోందని బండిలో గాలి వచ్చే కన్నాలన్నిట్లో తువ్వాళ్ళు కుక్కింది. కుక్కి, ఓవెన్ తలుపు తెరిచి పెట్టుకుని, దాని ముందు కుర్చీ వేసుకుని అల్లిక పట్టుకుంది. నేను తలుపు కొట్టేసరికి బుగ్గలు ఎర్రగా, కళ్ళు మత్తుగా ఉన్నాయి. ‘పొయ్యి వంట చేసుకోడానికమ్మా, ఒళ్ళు కాచుకోడానికి కాదు’ అన్నాను. ‘మా అమ్మమ్మ ఇలాగే చేసేది’ అంది. వాళ్ళ అమ్మమ్మ ఉన్నది సందులన్నిట్లోంచీ గాలి దూరే చెక్కింట్లో. ఈ రేకు డబ్బాలో పొయ్యి రాజేసి కన్నాలు మూసుకుంటే హాయిగా నిద్రొస్తుంది నాయనా. ఎవరు లేపినా లేవని నిద్ర.

ఇంకెవరు? క్లిఫర్డా? సంతోషం. ఫ్రిజ్‌ని గ్యాస్ మీద నడుపుకుంటూ, దాని వెనక మంట వెలుగుతుండగానే పెట్రోలు బంకులోకి బండి తోలిన మహానుభావుడు. ‘సిలిండర్ కట్టేసి బయల్దేరాలని తెలీదా?’ అంటే, ‘ఐస్‌క్రీం కరిగిపోదా మరి’ అన్నాడు. సిలిండర్ నింపమని వస్తాడు, వందకి ఎనభై పాళ్ళు నింపి ఆపుతాను. ‘మిగతా ఇరవై పాళ్ళు నువ్వు మింగావా?’ అంటాడు. ఎండకి గ్యాస్ ఉబ్బుతుందయ్యా, దానికి కాస్త చోటుండాలయ్యా అని ఏటా చెప్తాను. ఏటా కొత్తగా వింటాడు.

వీళ్ళు కూర్చుని ఆర్విడ్‌కి మతిమరుపని తీర్పు చెప్తారు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు, అది వీళ్ళని చూసే అని ఉంటారు.

ఆర్విడ్‌కి మతిమరుపా? కిందటి గురువారం పేకాటలో నా చేతిలో ఏ ముక్కలున్నాయో ఈ గురువారం చెప్తాడు. సిలిండర్ మీద తెల్ల పట్టీ అంటించి, నింపిన తారీఖు రాసుకుంటాడు. ఎండకి రబ్బరు గొట్టం చిట్లిందేమోనని నెలకోసారి వంచి చూస్తాడు. సాలీడు గూళ్ళు పెట్టిందేమోనని హీటరు మూతి బ్రష్షుతో దులుపుతాడు. వంట చేసేటప్పుడు కిటికీ తెరవడం మర్చిపోతానేమోనని పొయ్యి పక్కన చీటీ రాసి పెట్టుకున్నాడు. అది మర్చిపోయేవాడు చేసే పని కాదు డారెల్, మర్చిపోతానేమో అని భయపడేవాడు చేసే పని. ఆ రెంటికీ చాలా దూరం.

సరే, అదీ వదిలెయ్. మంగళవారం ఏం జరిగిందో నువ్వు చూడలేదు, నేను చూశాను. భుగ్గుమని చప్పుడయింది. నా కాఫీ కప్పు బల్ల మీద కదిలింది. బయటికొచ్చేసరికి ఆర్విడ్ తలుపు తోసుకుని దిగుతున్నాడు. లోపలి బట్టలతో ఉన్నాడు. కనుబొమ్మలు లేవు. చేతులు రెండూ ముందుకు చాపి పట్టుకున్నాడు, తడిసిన చేతులు ఆరబెట్టుకుంటున్నట్టు.

దిగి ఎటు వెళ్ళాడనుకున్నావ్? నీళ్ళ దగ్గరికి కాదు, నా దగ్గరికి కాదు. బండి ముందుకి వెళ్ళాడు, సిలిండర్ కట్టెయ్యడానికి. ఆ చేతులతో తిప్పబోయాడు. చర్మం ఆ పిడికి అంటుకుంది. నేను పరిగెత్తి పక్కకి నెట్టి నేను కట్టేశాను. ఒళ్ళు కాలుతుంటే ముందు చేయాల్సిన పని గుర్తున్న మనిషికి మతిమరుపట. క్లిఫర్డ్ ఈలోగా మంటలార్పే సీసా తెచ్చి, దాని పిన్ను లాగాలని తెలీక, ఊపుతూ నిలబడ్డాడు. ఆయన కమిటీలో ఉన్నాడు.

ఏంటీ? ఆర్విడే ఒప్పుకున్నాడంటావా?

ఒప్పుకున్నాడు. నేనే పీకాను, ఎందుకో గుర్తు లేదు అన్నాడు. నువ్వు రాసుకున్నావు. ఎందుకు పీకి ఉంటాడని ఇంకెవరినైనా అడిగావా? నన్నడిగావా? అడగలేదు. అడగాలని నీకు తోచదు. ఎందుకంటే ఆ అలారాలంటే ఈ పార్కులో ఎవరికీ గౌరవం లేదు, నీతో సహా.

అవునా కాదా? గ్యాస్ గాలికన్నా బరువు, కిందికి దిగి నేలన పాకుతుందని దాన్ని మోకాలికన్నా కిందన బిగిస్తారు. పాపం అక్కడ కూర్చుని అది ఏడుస్తుంది. జుట్టుకి స్ప్రే కొట్టుకుంటే ఏడుస్తుంది. ఉల్లిపాయలు వేయిస్తే ఏడుస్తుంది. క్లిఫర్డ్ కుక్క బీన్స్ తిని దాని పక్కన పడుకుంటే ఆ పూటంతా ఏడ్చింది, నీకూ గుర్తుంది, నువ్వే నవ్వావు. ఇన్నిసార్లు ఉత్తుత్తినే ఏడిస్తే నిజంగా ఏడ్చినప్పుడు ఎవరు పట్టించుకుంటారు?

అది ఏడిస్తే ఏం చేయాలో ఆఫీసు గోడ మీద రాసి పెట్టావు. స్విచ్చి ముట్టుకోవద్దు, మంట ఆర్పు, తలుపులు తెరువు, అందరూ బయటికి రండి, సిలిండర్ కట్టు, టెక్నీషియన్‌కి ఫోన్ చెయ్యి. చక్కటి అక్షరాలు. ఒక్కరైనా ఆ పని చేయగా చూశావా? ఇక్కడ అలారం ఏడిస్తే చేసేది ఒక్కటే. ‘వెర్నాని పిలవండి.’

అవును, నన్నే. నవ్వుతావేం, నువ్వూ పిలిచినవాడివే.

ఆ అలవాటు ఎలా వచ్చిందో నీకు తెలీదు, నువ్వు అప్పటికి ఇక్కడ లేవు. పదకొండేళ్ళ కిందట మా గ్లెన్ బతికున్న రోజుల్లో, హాల్లో బింగో ఆడుతూ ఆడుతూ నేను లేచి నిలబడ్డాను. ‘ఎక్కడో గ్యాస్ పోతోంది’ అన్నాను. ఎవరికీ రాలేదు ఆ వాసన. నేను వాసన పట్టుకుని నడుచుకుంటూ పోయి, నాలుగు బళ్ళు దాటి, ఐదో బండి దగ్గర ఆగాను. లోపల ఆలుమగలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. లేపి బయటికి లాగాం. అంతే, ఆ రోజు నుంచీ నేను మనిషిని కాదు, ముక్కుని.

అప్పటి మేనేజరు, గ్లెన్ పోయాక, ‘వెర్నా, నీ చోటుకి అద్దె వద్దు, వచ్చిన ప్రతి బండీ చూసిపెట్టు, సిలిండర్లు నింపిపెట్టు’ అన్నాడు. నువ్వూ అదే సాగించావు. పోయినేడు నా పుట్టినరోజుకి అందరూ చందాలేసుకుని చెక్కతో ఇంత ముక్కు చెక్కించి తలుపుకి తగిలించారు. చూడు, నీ తల మీదే ఉంది. దాని కన్నాల్లో పిచ్చుక గడ్డి పెడుతోంది.

కాబట్టి సోమవారం అలారం ఏడ్చినప్పుడు ఆర్విడ్ కూడా ఈ పార్కు ధర్మమే పాటించాడు.

ఏంటి అలా చూస్తావ్? సోమవారం ఏడ్చిందని నీకెవరూ చెప్పలేదా? ఎవరు చెప్తారు, తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు, ఒకరు నీకు కబుర్లు చెప్తున్నారు.

సోమవారం మధ్యాహ్నం. బుధవారం నార్వే వాళ్ళ విందు కదా, పార్కు పార్కంతా ఆ లూటెఫిస్క్ గోల. ఎండు చేపని క్షారం నీళ్ళల్లో రోజులకొద్దీ నానేసి, అది జిగురుజిగురుగా తయారయ్యాక వెన్న పోసుకుని తినడం, తిని మా తాతలు గొప్పోళ్ళని చెప్పుకోవడం. మా జనమే, నేనెందుకు దాస్తాను? మిగతావాళ్ళు కొట్లో తయారుగా దొరికింది తెచ్చుకుంటారు. ఆర్విడ్ అలా కాదు. తన బండిలోనే తొట్టె పెట్టి, తనే నీళ్ళు మార్చి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటాడు. ఆ వారం రోజులూ ఆయన బండి పక్కనుంచి ఎవరూ నడవరు.

నేను ఇక్కడ విందుకి బంగాళాదుంప రొట్టెలు వత్తుతున్నాను. పెనం మీద ఒకటి, బల్ల మీద ఇరవై. ఆర్విడ్ వచ్చి ఇదిగో, నువ్వు కూర్చున్న మెట్టు మీదే నిలబడ్డాడు. ‘వెర్నా, నా అలారం ఊరుకోవడం లేదు, ఒక్కసారి వస్తావా?’ అన్నాడు. ‘కుక్కని గానీ పెంచుతున్నావా?’ అన్నాను. నవ్వలేదు. ‘నాకూ ఏదో లీలగా వాసనొస్తోంది’ అన్నాడు.

వెళ్ళాను. పెనం కింద పొయ్యి కట్టకుండానే వెళ్ళాను, ఒక్క నిమిషం పని కదా అని. లోపల అలారం చెవులు చిల్లులు పడేలా ఏడుస్తోంది. నేను మోకాళ్ళ మీద వంగి, పొయ్యి కింద, నేల దగ్గర, ఇలా రెండుసార్లు గట్టిగా పీల్చాను. పైకి లేచాను. ‘ఏమీ లేదు’ అన్నాను.

‘కుళ్ళిన గుడ్డు వాసనలా లేదూ?’ అన్నాడు.

‘నీ తొట్టెలో చేప, ఆర్విడ్. దానికే ఇదీ ఏడుస్తోంది’ అన్నాను.

‘చేప వాసన నాకు తెలీదా? డెబ్బయ్యేళ్ళ నుంచి తింటున్నాను.’

‘మరి నన్నెందుకు పిలిచావ్?’ అన్నాను.

ఎలా అన్నానో తెలుసా? నడుం మీద చెయ్యి పెట్టుకుని, గడ్డం ఎత్తి. నా మాటకి ఎదురు చెప్పేవాడెవడు అన్నట్టు. ఆయన మూల గుడ్డ కప్పి ఉన్న తొట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ‘సరేలే, నీకే తెలుస్తుంది’ అన్నాడు.

నేను అలారం విప్పి వెనక్కి తిప్పాను. తయారైన తారీఖు చూస్తే ఎనిమిదేళ్ళు. వీటి ఆయుష్షు ఐదు నుంచి ఏడు. ‘ఇది ముసలిదై పిచ్చిపట్టింది, తీగ పీకెయ్, కొత్తది తెప్పించుకో’ అన్నాను. ఆయన నా ముందే పీకాడు. నేను చెప్తే పీకాడు డారెల్. నేను చెప్తే.

ఆగు. ఇప్పుడే జాలిపడకు, నీ మొహంలో జాలి కనిపిస్తోంది. ‘అలారం పాతదే కదా వెర్నా, నీకు వాసన రాలేదు కాబట్టి చెప్పావు, లీకు చిన్నది, నీ తప్పేముంది’ అని అంటావు. నిన్న బెర్నిస్ కూడా మంట చూసి బెదిరానని ఇలాగే తల నిమిరింది, దానికి ఇవేవీ తెలీవు.

అలారం పాతదైతే కొత్తది పెట్టేదాకా సిలిండర్ కట్టి ఉంచాలి. ఆ మాట ఈ పార్కులో అందరికీ కంఠతా వచ్చేదాకా చెప్పింది నేనే. సోమవారం చెప్పలేదు. సబ్బునీళ్ళ సీసా నా నడుముకే ఉంది. పొయ్యి రెండు మరలు విప్పి ముందుకి లాగి, వెనక రాగి గొట్టం బిగింపు మీద రెండుసార్లు చల్లితే చాలు, బుడబుడమని నురగ కక్కేది. టెక్నీషియన్ మంగళవారం చల్లితే కక్కింది కదా, నీ ఎదురుగానే. ఆ గతుకుల రోడ్డు మీద బండి ఊగి ఊగి వదులైన బిగింపు అది. నేను చల్లలేదు. మోకాళ్ళు నొప్పి. పెనం మీద రొట్టె. అన్నిటికన్నా, వెర్నా ముక్కు పెట్టి చూశాక ఇంకా సబ్బునీళ్ళు దేనికి? అంత చిన్నతనం నాకెందుకు?

ఆయన చలికి కిటికీలు బిగించుకుని పడుకున్నాడు. రాత్రంతా అది నేల మీద పేరుకుంది. పొద్దున కాఫీకి పొయ్యి వెలిగించాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. ఇక్కడ కాలింది ఆయన చేతులు, ఆకులు పట్టుకుని తిరుగుతోంది నేను.

నా రొట్టె సంగతి చెప్పనేలేదు కదూ. ఆర్విడ్ బండి నుంచి తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. పెనం మీద రొట్టె బొగ్గయింది. పొగ కంటికి కనపడ్డాకే తెలిసింది నాకు. తలుపు దగ్గర నిలబడి కూడా నాకేమీ తెలీలేదు.

అర్థమవుతోందా? అవుతోందిలే, కలం ఆపేశావు.

మూడేళ్ళయింది. ఆ మార్చిలో జ్వరం వచ్చింది చూడు, పది రోజులు మంచం దిగలేదు. జ్వరం పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. వస్తుందిలే అనుకున్నాను. కాఫీ తాగితే వేణ్ణీళ్ళు. సబ్బు రాస్తే మైనం. ఒకరోజు రోడ్డు మీద స్కంక్‌ని, అదే ఆ కంపు చిమ్మే పిల్లిలాంటి జంతువుని, ఏదో కారు తొక్కిపోయింది. పార్కు పార్కంతా ముక్కులు మూసుకుని లోపలికి పరిగెత్తింది. నేను ఒక్కదాన్నే రోడ్డు మధ్య నిలబడి ‘ఏమైందర్రా?’ అని అడిగాను. అదృష్టం, అది హాస్యం అనుకున్నారు.

ఆ తర్వాత మీ మొహాలు చూసి వాసనలు పట్టడం నేర్చుకున్నాను. ఎవరో ఒకరు ముక్కు ఎగబీలుస్తారు, ముఖం చిట్లిస్తారు, నేను ఒక క్షణం ముందు అనేసేదాన్ని. మొదటి ఏడాది ప్రతి బండికీ ప్రతి బిగింపుకీ సబ్బునీళ్ళు కొట్టాను, దేవుడి మీద ఒట్టు. రెండో ఏడాది చెయ్యి అందినచోట కొట్టాను. మూడో ఏడాది వంగి, పీల్చి, లేచాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడ్డట్టయింది నా బతుకు. కాకపోతే నేను పడలేదు. ఇంకొకరిని పడేశాను.

ఎందుకు చెప్పలేదంటావా? ఎవరికి చెప్పను? నీకా? ముక్కు లేని వెర్నాకి ఉత్తినే చోటిస్తావా నువ్వు? ఇస్తానంటావు ఇప్పుడు, ఈ మెట్టు మీద కూర్చుని. ఈ బండి కదిలి ఆరేళ్ళయింది. టైర్లు ఎండకి చీలిపోయాయి. ఇది ఇక్కణ్ణుంచి కదిలితే ముక్కలే కదులుతాయి. అదొక్కటే కాదు. చెక్క ముక్కు చూసుకుని మురిసిపోయాను నాయనా. ముసలిదానికి ఈ వయసులో ఎవరూ దేనికీ పిలవరు, నన్ను పిలిచేవాళ్ళు. ఆ పిలుపు పోతుందని భయపడ్డాను.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. చేతులకి రెండు పెద్ద కట్లు కట్టారు. మొహం ఉడికించిన దుంపలా ఉంది. ‘కనుబొమ్మలు లేకపోతే నీకు ఐదేళ్ళు తగ్గాయి’ అన్నాను. నవ్వబోయాడు, పెదవి పగిలింది. అప్పుడడిగాను. ‘గుర్తు లేదని ఎందుకు చెప్పావు?’ అని.

‘ఇద్దరం పోవడం దేనికి వెర్నా?’ అన్నాడు. ‘నాకు ఫార్గోలో కూతురుంది, తిట్టుకుంటూనైనా చూస్తుంది. నీకు ఆ డబ్బా తప్ప ఏముంది?’

నా ముక్కు సంగతి ఎలా తెలిసిందని అడిగాను. చెప్పనన్నాడు. బతిమాలాను. నేను బతిమాలడం నువ్వెప్పుడైనా చూశావా? అప్పుడు చెప్పాడు.

‘తొట్టెలో చేప లేదు వెర్నా. ఆదివారమే తీసుకెళ్ళి హాల్లో ఫ్రిజ్‌లో పెట్టేశాను. తొట్టె కడిగి, ఆరబెట్టి, గుడ్డ కప్పాను. నువ్వు చేప వాసనన్నావు.’

‘మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా, మనిషివేనా?’ అన్నాను.

‘నువ్వంత గట్టిగా చెప్తుంటే నా ముక్కే ముసలిదైపోయిందనుకున్నాను’ అన్నాడు.

అదీ ఆర్విడ్. తన ఖాళీ తొట్టె తన కళ్ళ ముందే ఉంది. తన ముక్కు వద్దంటోంది. తన అలారం గోల పెడుతోంది. మూడూ వదిలేసి నా మాట పట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ నా కోసం పిచ్చివాడినని రాయించుకుంటున్నాడు. నాకు ఏడుపు రావట్లేదు డారెల్, ఒళ్ళు మండుతోంది. ఆయన మీద, నా మీద, నీ కాగితం మీద.

ఇటివ్వు దాన్ని. మతిమరుపు కొట్టేస్తున్నాను. చూడు, రెండు గీతలు. ‘వెర్నా వాసన చూసి ఏమీ లేదని చెప్పింది. వెర్నాకి మూడేళ్ళుగా వాసన తెలీదు. అలారం పీకమన్నది వెర్నా.’ గడి చాలలేదు, పక్కన రాశాను. పనికిరారు అన్నచోట నంబరు మార్చుకో, అది నలభై ఒకటి కాదు, ఆరు, నా బండి. రేపు కమిటీలో నేనే చదువుతాను. బెర్నిస్‌కి గుండె పట్టుకోడానికి ఒక కుర్చీ వేయించు.

అలా లేవకు, అసలు మాట ఇంకా చెప్పలేదు. ఈ మాట నువ్వు రాగానే చెప్పాల్సింది. నా పరువు పట్టుకుని అరగంట నీకు బెర్నిస్ కథా, కుక్క కథా చెప్పాను.

నిన్న ఆస్పత్రి నుంచి వస్తూ బస్సులో కూర్చుని ఒక్కొక్క బండీ తలుచుకున్నాను. ఈ రెండు చలికాలాల్లో నేను వంగి, పీల్చి, బాగుందని పంపించినవి యాభై ఎనిమిది. నా మాట తప్ప వాటికి వేరే పరీక్ష లేదు. ఆర్విడ్‌దొక్కటీ బయటపడింది. ఆ టెక్నీషియన్‌ని పిలు. సబ్బునీళ్ళు కాదు, ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి చూడమను, ప్రతి బండికీ. అతనొచ్చేదాకా అందరి సిలిండర్లూ కట్టించు. క్లిఫర్డ్ ఐస్‌క్రీం కరిగితే కరగనీ. కమిటీ రేపటిదాకా ఆగుతుంది, గ్యాస్ ఆగదు.

మొదలు మీ బండితో పెట్టు.

అవును, మీదే. నవంబర్‌లో మీ ఆవిడ ‘ఏదో వాసనొస్తోంది వెర్నా’ అని పిలిచింది. వచ్చాను. వంగాను. పీల్చాను. ‘పాప గుడ్డలు మార్చి ఎంతసేపైంది తల్లీ?’ అన్నాను. ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఆవిడ కాఫీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఇంకా నా మొహం చూస్తావేంటి? పన్నెండు కావస్తోంది, మీ ఆవిడ పొయ్యి వెలిగించే వేళ. పరిగెత్తు. సంతకం పెట్టి ఉంచుతాను.